గుర్తు తెలియని మన్ను

పాకాలలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో చిన్న కరెంటు బట్టీ ఉంది. పలమనేరులో టెర్రకోట పని చేసేవాళ్ల దగ్గర నేర్చుకుని వచ్చి పెట్టుకున్నాను. కట్టెల ఆవం ఎరిగినవాళ్లకు అదొక వింత.

ఒక సాయంత్రం కుమ్మరి తాత వచ్చాడు. రెండేళ్లుగా సారె ముట్టుకోవడం లేదాయన. పైగుడ్డలో చుట్టి తెచ్చిన మట్టిముద్దను రెండు చేతులా నా ముందు పెట్టాడు. కొబ్బరికాయంత ఉంది. ఎండి బిగుసుకుపోయింది. ఒక పక్క నాలుగు గుంటలు, అడ్డంగా చిన్న పగులు.

"నీ కరెంటు ఆవంలో దీన్ని కాల్చిస్తావా నాయనా?"

"యాడి మన్ను తాతా?"

"మా ఇంట్లోదే."

"అదిగాదు, ఏ చెరువుదని?"

"ఏ చెరువులో తవ్వుకొచ్చిందో ఏమో. నేను సారె కాడ కూర్చునేవాణ్ణి గానీ మన్ను సంగతి నాకేం తెలుసు!"

కాల్చిస్తానులే, పదిహేను రోజులు పడుతుందన్నాను.

తిరుమల స్వామికే మట్టి ఓట్లో నైవేద్యం పెట్టే సీమ మాది. ఏ చెరువు మన్ను ఎంత మంటకు ఆగుతుందన్న ఎరుక మాత్రం కుమ్మరి ఇళ్లల్లో మనుషుల చేతుల్లోనే ఉంటుంది, ఆ చేతులతోనే పోతుంది. అందుకే ఆ ముద్ద గుట్టు తెలుసుకోవాలనిపించింది.

పైగా ఊరూపేరూ తెలియని మన్నును ఉన్నపళంగా బట్టీలో పెట్టకూడదు. అంత లావు ముద్ద పైన ఎంత ఎండినా నడిమధ్య తడి దాగి ఉంటుంది. వేడి 100 డిగ్రీలు దాటగానే అది ఆవిరై, బయటికి దారి లేక ముద్దను పేల్చేస్తుంది. పెంకులు ఎగిరి బట్టీ తీగల మీద పడతాయి. ఇంకో భయం సున్నపురాళ్లు. కాలేటప్పుడు కిమ్మనవు. బట్టీ దింపాక గాలిలో తేమ పీల్చి, వారానికో పదిరోజులకో ఉబ్బి, పాత్ర మీద పెచ్చులు లేపుతాయి. అన్నిటికంటే పెద్ద భయం కరగడం. గడ్డీ పిడకలూ వేసి కాల్చే ఊరి ఆవం ఎంత మండినా 900 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. మన ఎర్రమన్ను దానికి తట్టుకుంటుంది. నా బట్టీ 1,200 దాకా పోతుంది. అక్కడ ఇనుము ఎక్కువున్న మన్ను పాకమై, కింది పలకకు అతుక్కుని బట్టీనే పాడుచేయగలదు.

ముందు చిటికెడు గీకి నిమ్మరసం పిండాను. పొంగలేదు, సున్నం లేదన్నమాట. తర్వాత ముద్దను నీళ్ల తొట్టిలో వేశాను. బుడగలు వదులుతూ, పొరలు పొరలుగా జారి, అరగంటలో బురదైంది. చీరముక్కలో వడగట్టి, గడ్డివేళ్లూ గులకలూ ఏరేసి, ఆరబెట్టి, పిసికి మూడు పలకలు చేశాను. ఒక్కోదాని మీద సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీశాను, ఎంత కుంచించుకుంటుందో తెలియడానికి. నీడలో వారం ఆరాక, 1,200 కంటే పెద్ద మంట చూసిన పింగాణీ మూకుళ్లలో ఇసుక పరిచి పెట్టాను. కరిగినా మూకుడు దాటదు. 100 లోపు వేడిలో రాత్రంతా ఉంచి, షెడ్డు కిటికీలు తెరిచి, అప్పుడు మంట పెంచాను. ఒక్కో రోజు ఒక్కో పలక.

1,000 దగ్గర కాలింది ఇటుకరంగు తిరిగింది. గోటితో కొడితే కంచులా మోగింది; గీత 9.2. 1,100 దగ్గరది ముదురు గోధుమరంగు, గీత 8.8. ఆ రెండూ ఇక ఏళ్ల తరబడి నీళ్లలో నానినా కరగవు. 1,200 దగ్గర పలకే లేదు. మూకుట్లో ఇసుక మీద నల్లటి బెల్లంపాకం. బట్టీకి మరక కూడా అంటలేదు. ఆ రాత్రి నాకు సంతోషంతో నిద్రపట్టలేదు.

నేను చెప్పిన రోజుకే తాత వచ్చాడు. అన్నీ అరుగు మీద పేర్చి చెప్పుకుపోయాను. మేలైన మన్ను తాతా, సున్నం లేదు, వెయ్యి దగ్గర ఆపితే కూజాలకు దీన్ని మించింది ఉండదు, ఆ చెరువేదో కనుక్కుంటే ఒక ట్రాక్టరు తోలించుకుందాం.

ఆయన ఒక పలక తీసి తిప్పి చూశాడు. రెండోదీ చూశాడు. నా వెనక షెడ్డులోకి చూశాడు.

"ముద్ద యాడుంది నాయనా?"

"ఇదే తాతా, ఆ ముద్ద."

పలక మీద నాలుగు వేళ్లు ఆనించి చాలాసేపు కూర్చున్నాడు.

"మీ అవ్వ ఆఖర్న పిసికిపెట్టిన ముద్దది. దాని చెయ్యి అట్లే అచ్చు పడుండె. పచ్చిమన్ను గదా, యాడ తడిసి కరిగిపోతాదో అని, కాల్చి పెట్టుకుందామని తెచ్చినా."