రోల్‌కి పన్నెండు

మా మనవడు గాంధీనగర్‌లో ఫోరెన్సిక్ చదువుతున్నాడు. మొన్న సెలవులకు సూరత్ వచ్చి, "ప్రాక్టికల్‌ల ఒక్క గదికి నాలుగు వందల ఫోటోలు తీసినం తాతా" అన్నాడు గొప్పగా. నాలుగు వందలా! పెళ్లిళ్లకు కూడా అన్ని తీయలేదురా నేను.

నేను పోలీసు ఉద్యోగిని కాదు. లింబాయత్‌లో మన పద్మశాలీల ఇళ్ల మధ్య చిన్న ఫోటో స్టూడియో నాది. మా నాయన సిరిసిల్ల నుంచి సాంచెలు, అంటే మరమగ్గాలు, నడపడానికి వచ్చాడు. నాకు ఆ చప్పుడు పడలేదు. దగ్గర్లో దొంగతనమో ఖూనీయో జరిగితే కానిస్టేబుల్ సైకిలేసుకుని వచ్చేవాడు, "చలో ఫోటోవాలా" అంటూ. యాషికా పెట్టె కెమెరా, 120 రోల్. రోల్‌కి 12 ఫోటోలు. డబ్బులంటారా, వస్తే ఆరు నెలలకు వచ్చేవి.

పన్నెండే కదా, అందుకే ముందు కళ్లతో చూసేవాణ్ణి. గడపలోనే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, ఎక్కడ కాలు పెట్టకూడదో తేల్చుకున్నాకే లోపలికి. ఇప్పుడు కళ్ల కన్నా ముందు ఫోన్ తెరుస్తున్నారు.

ఒకసారి ఒక కార్ఖానాలో నూలు పెట్టెలు పోయాయి. ఆకుపచ్చ రంగు తలుపు మీద సాంచె నూనెతో పడిన బొటనవేలి ముద్ర. కుర్ర కానిస్టేబుల్ పౌడర్ డబ్బా తీయబోతే, వేలిముద్రల ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు: కళ్లకు కనబడుతున్నదానికి పౌడరెందుకు, చెడగొట్టడానికా? టార్చి ఏటవాలుగా పట్టాడు. గీతలు పడుగు పోగుల్లా విడివిడిగా లేచాయి. పక్కన స్కేలు ఆనించి, నా పన్నెండులో నాలుగు దానికే ఖర్చు పెట్టాను. ఆ నెగెటివ్‌లు తర్వాత ఒక ఆఫీసు బీరువాలో చెదలపాలయ్యాయి. ఏ ఆఫీసో చెప్పను.

పని చేసినవాళ్ల పేరు కూడా అంతే లెండి. కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టింది 1897లో. ముద్రలను వర్గాలుగా విడదీసే లెక్క కట్టింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. ఆ పద్ధతికి నిలిచిన పేరు హెన్రీ దొరది. ఇక ఫోటోవాలాను ఎవరు తలుచుకుంటారు?

2024 జూలై 1న కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరమైతే ఫోరెన్సిక్ నిపుణులు ఆ చోటికి వెళ్లి తీరాలట, అంతా వీడియో తీయాలట. ఏర్పాట్లకు రాష్ట్రాలకు అయిదేళ్ల గడువు కూడా ఇచ్చారు. మంచిదే, కాదనను.

ఒక్క విషయంలో మాత్రం మనవడి ముందు నా గొంతు పెగల్లేదు. రక్తపు చొక్కాను అప్పట్లో పోలీసులు తడి తడిగానే ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి, లక్క సీలు వేసేవారు. "బూజు పడుతది తాతా, డీఎన్ఏ ఖరాబైతది. నీడల ఆరబెట్టి కాయితం సంచిల పెట్టాలె" అన్నాడు. అలాంటి మూటలు ఎన్నింటికి ఫోటో తీశానో!

కానీ వాడి దగ్గరా ఒక మాటకు జవాబు లేదు. ఫోరెన్సిక్ వ్యాన్ వచ్చేలోపు వీధి వీధంతా ఆ గదిలో తిరిగి రీల్స్ తీసుకుంటే, ఎవరి అడుగులకు కొలతలు పెడతారు?

అందుకే చెబుతున్నా. మీ ఇంట్లో దొంగలు పడితే బీరువా తలుపు ముట్టుకోకండి. గది ఊడ్వకండి. పక్కింటివాళ్లకు చూపించకండి. గడప బయట కుర్చీ వేసుకుని, పోలీసులొచ్చేదాకా కూర్చోండి.