మైక్రాన్లు కొలవడం రాని యువతను గురించి ఒక విన్నపం

గౌరవనీయులైన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి అధ్యక్షుల వారి సముఖమునకు,

ఒక్కసారి వాడి పారవేయడానికే తయారయ్యే ప్లాస్టిక్ వస్తువులలో స్ట్రాలు, చెంచాలు, పళ్లేలు, బుడగల పుల్లలు, మిఠాయి పెట్టెలకు చుట్టే పలుచని పొరల వంటి కొన్నింటిని 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించిన నిబంధనల అమలును పర్యవేక్షిస్తున్న మండలివారికి, తెలుగునాట యువతీయువకుల అలవాట్లలోని లోపాలను సవినయంగా నివేదించవలసి వస్తున్నది.

వారికి కొలత తెలియదు. 2022 డిసెంబరు 31 నుంచి ప్లాస్టిక్ చేతిసంచి మందం 120 మైక్రాన్లకు తగ్గరాదు. మైక్రాన్ అనగా మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఇంటర్మీడియట్ ప్రయోగశాలలో స్క్రూగేజితో తీగ మందం కొలిచి మార్కులు తెచ్చుకొన్న విద్యార్థే, సాయంత్రం కర్రీ పాయింట్ ముందు నిలబడి, రబ్బరుబ్యాండు బిగించిన వేడి సాంబారు కవరును ఏ కొలతా లేకుండా అందుకొంటున్నాడు. ఆ స్క్రూగేజి కనీసపు కొలత సాధారణంగా 10 మైక్రాన్లే కనుక నిబంధనను పరీక్షించడానికి అది చక్కగా సరిపోతుంది. అయితే సాంబారు కవరు చేతిసంచి కిందికి వస్తుందా రాదా అన్న ధర్మసందేహం తీర్చే పరికరం మాత్రం ఏ కళాశాలలోనూ లేదు.

బిర్యానీ విషయంలో వారి ప్రవర్తన మరింత విచిత్రమైనది. ఫోనులో ఆర్డరు పెట్టేటప్పుడు చెంచాలు వద్దని శ్రద్ధగా సూచించి, భూగోళానికి తమవంతు మేలు చేశామన్న తృప్తితో ఎదురుచూసే యువకునికి, మూత బిగించిన నల్లని ప్లాస్టిక్ డబ్బాలో బిర్యానీ, ఒక కవరులో సాలన్, ఇంకొక కవరులో పెరుగుచట్నీ అందుతాయి. నిషేధిత జాబితాలో చెంచా ఉన్నది, డబ్బా లేదు. అతడు జాబితాను అక్షరాలా పాటించినట్లే లెక్క.

చిరుతిళ్ల ప్యాకెట్ల సంగతి ఇంతకన్నా గంభీరమైనది. వాటిలో అధికభాగం బహుళపొరల ప్లాస్టిక్, అనగా గాలి, తేమ చొరబడకుండా భిన్నరకాల ప్లాస్టిక్ పొరలను, కొన్నిసార్లు లోహపు పూతతో సహా, ఒకదానికొకటి అతికించిన పదార్థం. ఆ పొరలు విడదీయడం కష్టం కాబట్టి పాతసామాన్లవారు సైతం దాన్ని ముట్టరు. దీన్ని నిషేధించకుండా, ఉత్పత్తిదారులే వ్యర్థాలను తిరిగి సేకరించి శుద్ధి చేయించవలెనన్న బాధ్యత కింద ఉంచి, అందుకు 2022 ఫిబ్రవరిలో మార్గదర్శకాలు వెలువరించారు. ఆ బాధ్యత కాగితం మీద కంపెనీది, వీధిలో మాత్రం ప్యాకెట్టు విసిరిన కుర్రవాడిది. విసరడం తప్పే, అందులో వాదన లేదు. కానీ సముద్రతీరంలో చెత్త ఏరే కార్యక్రమానికి వచ్చిన అదే కుర్రవాడికి దాహమైతే నిర్వాహకులు ప్లాస్టిక్ సీసాయే చేతికిస్తున్నప్పుడు, అతనికి తక్కువైనది అవగాహన అనడం సాహసమే అవుతుంది.

కావున మండలివారు ప్రతి కర్రీ పాయింట్‌కూ ఒక స్క్రూగేజి మంజూరు చేయించవలెనని, అది సాధ్యపడనిచో ఆ డబ్బా, ఆ కవర్లు, ఆ ప్యాకెట్టు జాబితాకు ఎక్కే తేదీనైనా తెలియజేయవలెనని ప్రార్థన.

ఇట్లు,
విధేయులైన వినియోగదారుల పక్షాన