నాలుగు తీగలకు ఇంత రేటా?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం... ఈ మూడు ఊళ్లలో దేనికి కరువున్నా బేస్‌కు మాత్రం కరువు లేదు. నిమజ్జనం రోజు డీజే బండి వీధి మలుపు తిరగకముందే వంటింట్లో స్టీలు గిన్నెలకు కబురు అందిపోతుంది. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. ఆ కారు కొన్న పెద్దమనిషి డిక్కీలో బేస్ ట్యూబ్ పెట్టించుకుంటే ‘ఎందుకప్పా ఈ ఖర్చు’ అని అడిగే బంధువు ఉండడు. అదే ఇంట్లో పిల్లోడు ఆ శబ్దాన్ని సొంత వేళ్లతో పుట్టిస్తాను, బేస్ గిటార్ కొనిపెట్టండి అన్నాడంటే మాత్రం ఇంటిల్లిపాదీ పంచాయితీకి కూర్చుంటుంది. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఆరు తీగల గిటార్ అయిదారు వేలకు వస్తుంటే నాలుగు తీగలదానికి అంతకు రెట్టింపా? తీగకింత అని లెక్కగట్టి, రెండు తీగలు తగ్గినందుకు రేటు తగ్గించాల్సింది పోయి పెంచాడు కాబట్టి అంగడివాడు దొంగ అని తీర్పు చెప్పి, చివరికి ఫోన్‌లో అన్నిటికన్నా చవకది, ఎర్ర రంగుది చూసి ఆర్డర్ పెట్టేస్తారు. ఆ చవక బేసే అన్నిటికన్నా ఎక్కువ ఖర్చు పెట్టిస్తుందన్నది నా వాదన.

తీగల లెక్క దగ్గరే మొదలుపెడదాం. బేస్‌లో అన్నిటికన్నా లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. అంత నెమ్మదిగా కంపించినా వేలాడిపోకుండా, స్పష్టంగా పలకాలంటే తీగ లావుగానూ పొడుగ్గానూ ఉండాలి. 1951లో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పుడు పలికే తీగ పొడవు 34 అంగుళాలు పెట్టాడు. ఆయన కంపెనీ మామూలు ఎలక్ట్రిక్ గిటార్లకు అది ఇరవై అయిదున్నర. ఈ నాలుగు తీగలూ కలిసి నెక్‌ను దాదాపు 70 కిలోల బలంతో లాగుతాయి, గిటార్ ఆరు తీగల లాగుడు యాభై కిలోలకు అటూ ఇటూ. అంటే రేటు తీగలది కాదు, ఆ లాగుడుకు ఏళ్ల తరబడి వంగకుండా నిలబడే కర్రది, దాని లోపల బిగించిన ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీది. చవక బేసుల్లో కంపెనీవాడు మిగుల్చుకునేది కూడా సరిగ్గా అక్కడే. పైగా ఇది కోనసీమ కాదు, వాన కోసం మొగులు చూసే అనంతపురం సీమ. సరిగా ఆరని కర్ర మన ఎండకు కుదించుకుపోతే నెక్ మీది లోహపు పట్టీల, అంటే ఫ్రెట్ల కొసలు రెండు పక్కలా బయటికి పొడుచుకొస్తాయి. పిల్లోడి అరచెయ్యి గీసుకుపోతుంటే, వీడికి సాధన మీద శ్రద్ధ లేదు అని ఇంట్లో గొణుగుడు.

రేటు చూసి మోసపోవడం ఈ ప్రాంతపు మనుషులకు తెలియని విద్య. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌కు వచ్చే, దారం తీసే రీలర్ కిలో గూళ్ల రేటు ఒక్కటే చూసి పాట పాడడు. గుప్పెడు తీసుకుని నొక్కి చూస్తాడు, చెవి దగ్గర ఊపి చూస్తాడు, ఆరు కిలోలకు కిలో దారం దిగుతుందా ఎనిమిది పెట్టాలా అని మనసులో గుణిస్తాడు. గూళ్లు చవకైనా దారం దిగకపోతే అవి ఖరీదైనవేనని ఆయనకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. బేస్‌కూ అదే గుణకారం చేద్దాం. ఏడెనిమిది వేలకు పేరూ ఊరూ లేనిది వచ్చింది. తీగలు వేలుకందనంత ఎత్తులో ఉన్నాయి కాబట్టి సెటప్‌కు వెయ్యో రెండు వేలో. దాంతో వచ్చిన తీగలు బురదలో పలికినట్టుంటే మంచి సెట్టు ఇంకో రెండు వేల దాకా. శ్రుతి పెట్టిన పది నిమిషాలకే జారిపోయే బిరడలు మార్చాలంటే ఇంకొంత. ఇంతా పెట్టాక చేతిలో ఉన్నది అదే బేస్. ఈ డబ్బుకు మరికొంత కలిపితే యమహా టీఆర్‌బీఎక్స్ 174, ఐబనేజ్ జియో, కోర్ట్ యాక్షన్ లాంటివి వస్తాయి. కొత్తవి పదిహేను నుంచి పాతిక వేల మధ్య ఉంటాయి, వాడినవి చాలా తక్కువకు దొరుకుతాయి.

వాడినవి ఎక్కడ? ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ ఉన్న రైలు మార్గమే బెంగళూరుకు పోతుంది. మన పట్టు ఆ దారిన పోతోంది, మన కుర్రాళ్లు పోతున్నారు, ఒక బేస్ తిరుగు ప్రయాణం చేస్తే రైల్వేవారికి అభ్యంతరం లేదు. వెళ్లినవాళ్లు రంగు చూడకుండా నెక్ వెంబడి ఒక కంటితో చూడాలి, వంకర కనిపించిపోతుంది. ప్రతి ఫ్రెట్ దగ్గరా నొక్కి మీటి, ఎక్కడైనా జిర్రుమంటోందేమో వినాలి. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగను తాకీ తాకకుండా మీటితే వచ్చే స్వరమూ, నొక్కి మీటితే వచ్చే స్వరమూ ఒకటిగా ఉండాలి. ఈ పరీక్షకు పావుగంట చాలు, చీర కొంగు చూడ్డానికి పట్టే టైములో నాలుగో వంతు. ఫోన్ స్పీకర్‌లో డెమో విని కొనడం మాత్రం వాసన చూడలేనివాడు అత్తరు కొనడమే. ఆ చిన్న స్పీకర్‌కు 41 కంపనాల స్వరాన్ని పలికే శక్తి లేదు, మీరు విన్నది దాని పైస్వరాలను.

బీటిల్స్ బేస్ వాద్యకారుడు పాల్ మెకార్ట్‌నీ కూడా చవకదే కొన్నాడు గదా అని చదువుకున్న పిల్లోడు అడ్డు తగులుతాడు. నిజమే. 1961లో హాంబర్గ్‌లో ఫెండర్ కొనే స్తోమత లేక దాదాపు 30 పౌండ్లకు హోఫ్నర్ కొన్నాడు. కానీ ఆ కంపెనీ 1887 నుంచి వాయిద్యాలు చేస్తోంది. వయొలిన్ ఆకారం కాబట్టి ఎడమచేతివాటానికి తిప్పి పట్టుకున్నా వికారంగా ఉండదని కూడా చూసుకున్నాడు. పొడవు 30 అంగుళాలే, చిన్న చేతులున్న మన పిల్లలకూ ఆ కొలత మంచిదే. ఆ బేస్ 1972లో దొంగతనానికి గురై, యాభై ఏళ్ల తర్వాత దొరికింది. మన ఏడు వేల బేస్‌ను ఏ దొంగా అంత గౌరవించడు.

కొంటే అయిదు తీగలదే కొనాలని, తీగల లెక్కను వదల్లేని మేనమామ ఒకాయన ఉంటాడు. అమెరికాలో మోటౌన్ కంపెనీ పాటల వెనక ఉన్న జేమ్స్ జేమర్సన్ నాలుగు తీగలతోనే, ఎక్కువగా ఒకే వేలితో వాయించాడు. తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదని కూడా ప్రసిద్ధి. ఇక కీబోర్డ్ ఎడమచేత్తో బేస్ వాయిస్తే పోలేదా అన్నది పాటకచేరీ పార్టీల ప్రశ్న. ఒక మనిషి కూలి మిగులుతుంది, ఒప్పుకుంటాను. అయినా ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్‌ను ఇన్నేళ్లుగా తల ఊపుతూ వింటున్నది మనమే. అది వాయించిన శశిధరన్ పేరు తెలియకపోయినా ఆ వేళ్లు మనకు తెలుసు. ఆంప్‌కు డబ్బేదీ అన్నది మాత్రం న్యాయమైన ప్రశ్న. మొదట్లో ఆంప్ అక్కర్లేదు. బేస్‌కు గుచ్చి చెవిలో వినే చిన్న పరికరాలున్నాయి, ఇరుగుపొరుగు ఆశీర్వదిస్తారు. చర్చిలో వాయించేవాడికి అక్కడ మిక్సర్ ఉండనే ఉంది, మధ్యలో ఒక డీఐ బాక్సు పెడితే సరి. చిన్న గిటార్ ఆంప్‌కు తగిలించి సౌండ్ పెంచితే దాని స్పీకర్‌కు దినాలు దగ్గరపడినట్టే.

అసలైన అభ్యంతరం చివరిది: వీడిది ఆరంభశూరత్వం అయితే? ముందు చవకది కొని, నిలబడితే మంచిది కొందాం అంటారు. వినడానికి వివేకంగానే ఉంటుంది. కానీ వేళ్లు కోసి, శ్రుతి తప్పి, ప్రతి స్వరానికీ జిర్రుమనే వస్తువు ఇచ్చి నిలబడతావా లేదా అని పెట్టే పరీక్షలో ఎవడు నిలబడతాడు? మానేశాడనే అనుకుందాం. పేరున్న నాలుగు తీగల బేస్ అయితే బెంగళూరులో ఇంకో కుర్రాడు సగం రేటుకైనా కళ్లకద్దుకుని తీసుకుపోతాడు. ఎర్ర రంగుదాన్ని అడిగేవాడు ఉండడు. దానికి మిగిలిన ఉద్యోగం ఒక్కటే, పెనుకొండ కోటలో ప్రీ వెడ్డింగ్ షూట్‌లకు అద్దెకు పోవడం. అక్కడ పెళ్లికొడుకు దాన్ని తలకిందులుగా పట్టుకున్నా అడిగేవాడు లేడు, నాలుగు తీగల్లో రెండు లేకపోయినా రేటు తగ్గించమనే మేనమామా లేడు.