గాలి మూసి... కరెంటు పొదుపు!

పాత ప్రభుత్వ భవనాలకు విద్యుత్ పొదుపు నేర్పిస్తారట! బాగానే ఉంది. డంగుసున్నంతో కట్టిన మందపాటి గోడలు, తల వెనక్కి వాలిస్తే గానీ కనపడని పైకప్పు, చుట్టూ వరండా, వేడిగాలి పైనుంచి పోవడానికి వెంటిలేటర్లు. కరెంటు మీటరే లేని రోజుల్లో కట్టిన మేస్త్రీకి మనం కొత్తగా నేర్పేదేముంది?

అయినా నేర్పాం. వరండాకు అల్యూమినియం చట్రాలు, అద్దాలు బిగించి ఇంకో సెక్షన్‌ను కూర్చోబెట్టాం. పావురాలు దూరుతున్నాయని వెంటిలేటర్లకు ప్లైవుడ్ కొట్టాం. ఎత్తు ఎక్కువైందని ఫాల్స్ సీలింగ్ దించాం. ఊపిరాడక ఏసీలు పెట్టాం. వాటి పైపులకు గోడలో కన్నాలు, కన్నాలకు సిమెంటు. సున్నపు గోడ తేమను పీల్చి వదులుతుంది, సిమెంటు వదలనివ్వదు. గోడ ఉబ్బింది, పెచ్చులు రాలాయి. వెంటనే ‘శిథిలావస్థ’ అని నివేదిక! ఏసీల కోసం కిటికీలూ మూశాక పట్టపగలే చీకటి కదా, అందుకని ఎల్‌ఈడీ బల్బులు. మన పొదుపు పద్దులో కనిపించేది అవే.

జైపూర్ హవామహల్ 1799 నాటిది, 953 కిటికీలు. మనవాళ్ల చేతికి చిక్కలేదు కాబట్టి బతికిపోయింది. లేకుంటే 953 ఏసీలకు ఈపాటికి టెండరు పిలిచేవారు.

2020 నుంచి దేశంలో కొత్త గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలని నిబంధన. రిమోట్ మాత్రం పెద్దసారు చేతిలో ఉంది. 18కి దిగితే గానీ ఆయన దగ్గర ఫైలు కదలదు.

అయ్యా, ఎనర్జీ ఆడిట్‌కు కన్సల్టెంటును పిలిచే ముందు ఆ ప్లైవుడ్ ఊడదీయించండి. పావురాలకు వల చాలు.