అరటిపండు ఒలిచినట్టు

అణు ప్రమాదాల మీద ఎక్కడ చర్చ జరిగినా కాసేపటికి అరటిపండు రంగప్రవేశం చేస్తుంది. టీవీ స్టూడియో అయినా, కాలేజీ సెమినార్ అయినా, ఇంజినీరింగ్ చదివిన బావగారి డ్రాయింగ్ రూమ్ అయినా సరే. "అరటిపండులో పొటాషియం ఉంటుంది, అందులో కొంత రేడియోధార్మికమే. మరి తినడం మానేశారా?" అని నిపుణుడు చిరునవ్వు నవ్వుతాడు. పండుకి 0.1 మైక్రోసీవర్ట్ మోతాదు. విమానమెక్కితే ఇంకాస్త, ఛాతీ ఎక్స్‌రేకి మరికాస్త. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పడమంటే ఇదే కాబోలు.

ఒలిచాక చిన్న ఇబ్బంది బయటపడుతుంది. పొటాషియం ఎంత తిన్నా ఒళ్ళు తనకి కావలసినంతే ఉంచుకుని మిగతాది మూత్రంలో పంపేస్తుంది. అయొడిన్-131కి ఆ మర్యాద తెలీదు. గడ్డి మీద పడి, ఆవు మేసి, పాలలోకి వచ్చి, ఆ పాలు తాగిన పిల్లల మెడలో థైరాయిడ్ గ్రంథిని పట్టుకుని కూర్చుంటుంది. స్ట్రాన్షియం-90 ఎముకల్లో చేరుతుంది, సీజియం-137 కండల్లో. 1986లో చెర్నోబిల్ ప్రమాదం తర్వాత బెలారస్, ఉక్రెయిన్ పల్లెల్లో పిల్లలు తాగింది అలాంటి పాలే. ఆ రెండు దేశాల్లోనూ, రష్యాలో బాగా దెబ్బతిన్న ప్రాంతాల్లోనూ అప్పటి పిల్లల్లో 2005 నాటికి 6,000కు పైగా థైరాయిడ్ క్యాన్సర్లు బయటపడ్డాయనీ, వాటిలో చాలావాటికి ఆ అయొడినే కారణం కావచ్చనీ ఐక్యరాజ్యసమితి రేడియేషన్ శాస్త్రీయ సంఘమే రాసింది. దానికీ జవాబు సిద్ధం: "అది మంచి క్యాన్సరండీ, నయమైపోతుంది. పోయింది పదిహేను మందేగా." నిజమే. గ్రంథి తీయించేసుకుని, రోజూ పొద్దున్నే పరగడుపున మాత్ర మింగుతూ నూరేళ్ళూ బతకొచ్చు. ఉన్న క్యాన్సర్లలో మంచిదాన్ని ఏరి మరీ పిల్లలకిచ్చినందుకు చెర్నోబిల్ నాలుగో రియాక్టర్‌కి సన్మానం చెయ్యకపోవడమే మన తప్పు.

చెర్నోబిల్ పక్కనే ఉన్న ప్రిప్యాత్ ఊరివాళ్ళకీ ఇలాగే నచ్చజెప్పారు. ఏప్రిల్ 26 అర్ధరాత్రి దాటాక రియాక్టర్ పేలితే, దాదాపు 49,000 మందిని మర్నాటి మధ్యాహ్నం బస్సులెక్కించారు. గుర్తింపు పత్రాలూ, మూడు రోజులకి సరిపడా తిండీ తెచ్చుకుంటే చాలన్నారు. ఆ మూడు రోజులు ఇంకా పూర్తికాలేదు.

ఇక అసలు పద్దు, చావుల లెక్క. సోవియట్ వారి సంఖ్య 31. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ చొరవతో ఏర్పడిన చెర్నోబిల్ ఫోరం, 2005లో, ఎక్కువ మోతాదు పడ్డ ఆరు లక్షల మందిలో చివరికి 4,000 మంది దాకా పోవచ్చని తేల్చింది. పత్రికలకెక్కింది ఆ అంకే. చుట్టుపక్కల తక్కువ మోతాదు పడ్డ 68 లక్షల మందిలో ఇంకో 5,000 మంది పోవచ్చన్న మాట పతాక శీర్షికల్లో చోటు చాలక లోపలి పేజీల్లో ఉండిపోయింది. ఐరోపా అంతా కలిపితే 16,000 అంది 2006లో వచ్చిన ఒక అధ్యయనం. గ్రీన్‌పీస్ 93,000 అంది. యాబ్లకోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త బృందం ఏకంగా 9,85,000 అని పుస్తకమే వేసింది. సోవియట్ కూలిపోయాక జీతాల్లేక, మందుల్లేక, వోడ్కా తాగి పోయినవాళ్ళని కూడా చెర్నోబిల్ ఖాతాలోనే రాస్తే అంకె అక్కడిదాకా వెళ్ళక ఏమవుతుంది? ఊళ్ళో కాకులెన్ని అని రాజు అడిగితే ఒక అంకె చెప్పి, తక్కువుంటే చుట్టాలింటికెళ్ళాయని, ఎక్కువుంటే చుట్టాలొచ్చాయని సర్దిన తెలివి తగ్గించే, పెంచే ఈ రెండు పక్షాలకీ సమానంగా అబ్బింది.

అయితే రెండో పక్షం అబద్ధం అందరికీ కనిపిస్తుంది. మొదటి పక్షం పనితనం చూడాలంటే కాస్త దగ్గరికి వెళ్ళాలి. ఆ ఆరు లక్షల మందిలో రియాక్టర్ పేలకపోయినా నాలుగో వంతు మంది ఏదో ఒక క్యాన్సర్‌తో పోయేవాళ్ళే. ఆ లక్షన్నరలో 4,000 కలిసిపోతే ఏ గణాంకమూ విడదీసి చూపలేదు. ఏ సమాధి మీదా 'ఇది రియాక్టర్ తాలూకు' అని చెక్కి ఉండదు. అందుకని శాస్త్రవేత్త 'కనిపించలేదు' అని రాస్తాడు. ఆ వాక్యం పరిశ్రమ కరపత్రానికి చేరేసరికి 'జరగలేదు' అయి కూర్చుంటుంది. తక్కువ మోతాదు పడ్డ జనాభాకి అనిశ్చితి మరీ ఎక్కువ కాబట్టి చావుల అంకె వెయ్యబోమని ఐరాస సంఘం నిజాయితీగా చెప్పింది. వాళ్ళు ఖాళీగా వదిలిన ఆ గడిలో మనవాళ్ళు సున్నా చుట్టేశారు.

బొగ్గు పొగ ఇంతకన్నా ఎక్కువమందిని చంపుతోంది కదా అంటారు. ఒప్పుకుంటాను. ఇబ్రహీంపట్నం వాళ్ళకీ రామగుండం వాళ్ళకీ థర్మల్ కేంద్రాల బూడిద గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. 'ప్రమాదముంది, అయినా బొగ్గు కన్నా నయం' అని సూటిగా వాదిస్తే కూర్చుని వింటాను, సగం ఒప్పుకున్నా ఒప్పుకుంటాను. కానీ ఆ వాక్యంలో మొదటి సగం పలకడానికి నోరు రాకే ఈ అరటిపండ్లన్నీ.

2011 మార్చిలో జపాన్‌లో ఫుకుషిమా అణు ప్రమాదం జరిగాక అరటిపండు కన్నా చవకైన మందు దొరికింది. స్థానిక ప్రభుత్వం తరఫున జనానికి ధైర్యం చెప్పడానికి వచ్చిన షునిచి యమషిత అనే రేడియేషన్ వైద్య నిపుణుడు, హాయిగా నవ్వుతూ ఉండేవాళ్ళకి రేడియేషన్ ఏమీ చెయ్యదని, దిగులుపడేవాళ్ళకే వస్తుందని సెలవిచ్చాడు. లక్షన్నర మందికి పైగా ఇళ్ళొదిలి వెళ్ళారు, నవ్వడం చేతకాక. రేడియేషన్ వల్ల పోయాడని ప్రభుత్వం ఒప్పుకున్నది ఒక్క కార్మికుణ్ణి, అదీ 2018లో. తరలింపులోనూ, ఆ తర్వాతి బతుకులోనూ పోయిన ముసలివాళ్ళ లెక్క 2,000 దాటింది. అది రేడియేషన్ కాదట, తరలింపట! వాళ్ళేదో వనభోజనాలకి బయల్దేరినట్టు.

అక్కడ కరిగి గడ్డకట్టిన ఇంధనం సుమారు 880 టన్నులు. పదమూడేళ్ళు పైన కుస్తీపట్టి, రోబో చేత 2024 నవంబరులో మొట్టమొదటిసారి బయటికి తీయించారు. ఎంతనుకున్నారు? 0.7 గ్రాములు. ముప్ఫై నలభై ఏళ్ళలో శుభ్రం చేసేస్తామన్న ప్రణాళిక మాత్రం చెక్కుచెదరలేదు.

చెర్నోబిల్ మీద 2016లో కొత్త ఉక్కు కప్పు జరిపారు, వందేళ్ళ గ్యారంటీతో. 2022లో రష్యా సైనికులు వచ్చి నెలపైన మకాం వేశారు. 2025 ఫిబ్రవరిలో డ్రోన్ ఒకటి వచ్చి ఆ కప్పుకి బొక్క పెట్టింది. గ్యారంటీలో ఇంకా తొంభై ఏళ్ళు మిగిలే ఉన్నాయి. లోపలి ప్లుటోనియం-239 సగానికి తగ్గడానికి 24,000 ఏళ్ళు పడుతుంది. శాతవాహనులు పోయి 1,800 ఏళ్ళయింది, వాళ్ళ పాలన ఎప్పుడు మొదలైందో చరిత్రకారులకి ఇప్పటికీ కుదర్లేదు. మనం మాత్రం 24,000 ఏళ్ళ కాపలాకి డ్యూటీ చార్టు వేసేస్తాం.

"అది సోవియట్, ఇది జపాన్, మనది వేరు" అన్నది ఆఖరి అస్త్రం. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడలో ఒక్కోటి 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెడతామంటున్నారు. అక్కడ చేపల వేటకెళ్ళేవాళ్ళకి సీవర్ట్‌లతో పనిలేదు. ప్రమాదాన్ని అంచనా కట్టడమే వృత్తిగా బతికే బీమా కంపెనీవాళ్ళు ఏమంటున్నారో చూస్తే చాలు. ఇంటిదో బైక్‌దో పాలసీ తీసి, చిన్న అక్షరాల మినహాయింపులు చదవండి. యుద్ధం పక్కనే అణు ధార్మికత ఉంటుంది: దానివల్ల నష్టం వస్తే పైసా ఇవ్వరు.

మరి ఇచ్చేదెవరు? 2010 చట్టం ప్రకారం కేంద్రాన్ని నడిపేవాడి బాధ్యత 1,500 కోట్ల రూపాయలకి మించేది కాదు. ఫుకుషిమా ఖర్చుని జపాన్ ప్రభుత్వం 2016లో 21.5 లక్షల కోట్ల యెన్లుగా అంచనా కట్టింది, అప్పటి మన డబ్బులో 12 లక్షల కోట్లకి పైమాటే. ఆ చట్టంలో ఒక్క మంచి సంగతుండేది. సరఫరా చేసిన రియాక్టర్లో లోపముంటే కేంద్రాన్ని నడిపేవాడు అమ్మినవాణ్ణి కూడా డబ్బు అడిగే వీలుండేది. కోటి ఏళ్ళకోసారి కూడా ప్రమాదం జరగదన్నట్టు మాట్లాడే పాశ్చాత్య కంపెనీలు ఆ ఒక్క నిబంధన చూసి పదిహేనేళ్ళు గుమ్మం దగ్గరే ఆగిపోయాయి. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టాన్ని రద్దుచేసి, ఆ నిబంధన లేని కొత్త చట్టం చేసింది. ఇప్పుడు వాళ్ళకి ధైర్యం వచ్చింది.