ఖాళీ కడుపుతో ఛాంపియన్‌ను తయారుచేయు విధానం

కాజీపేట రైల్వే స్టేడియంలో పొద్దుగాలే పిల్లలను ఉరికించే తల్లిదండ్రులకు, కోచ్‌లకు, గట్టు మీద కూచుని సలహాలిచ్చే మాబోటి పెద్దమనుషులకు ఈ నాలుగు ముక్కలు.

పిల్లను ఖాళీ కడుపుతోనే తోలుకురండి. అరటిపండు తింటే ఒళ్ళు బరువెక్కుతుందని భయపెట్టండి. రెండో రౌండ్‌కే కళ్ళు తిరిగి కూలబడిందా? "స్టామినా లేదు, ఇంకో నాలుగు వెయ్" అనండి. అయ్యాక దారిలో బండి దగ్గర మైసూర్ బజ్జీ ఇప్పించండి. పొట్లం కట్టిన పేపర్‌కు నూనె పట్టి, అవతలి పేజీ అక్షరాలు ఇవతలికి కనబడాలి. అప్పుడే అది బలమైన తిండి.

అన్నం బంద్. మన పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లు 55.82 సెకన్లలో ఉరికి కాంస్యం తెచ్చింది. ఈ సంగతి పిల్లకు రోజూ వినిపించండి. అంత వేగంగా ఉరకాలంటే కండల్లో దాచుకున్న పిండిపదార్థమే ప్రధాన ఇంధనమని, అది అన్నం, జొన్నరొట్టె, చిలగడదుంపల నుంచే చేరుతుందని ఎవరన్నా అంటే మాత్రం మాట మార్చండి. మా కాలనీ మామ ఒకాయన "రన్నర్ అన్నాక అన్నం మానాలి" అని తేల్చేశాడు. ఆయన జన్మలో ఉరికినవాడు కాదు గనుక ఎవరి పక్షమూ లేకుండా చెప్పగలడు.

ఇక డబ్బా. ఒక కోడిగుడ్డులో 6 గ్రాముల ప్రొటీన్, 100 గ్రాముల పల్లీల్లో సుమారు 25 గ్రాములు ఉంటుంది. ఇవి సందు చివరి కిరాణా కొట్టులో దొరుకుతాయి గనుక నమ్మదగినవి కావు. అసలైన ప్రొటీన్ నల్ల డబ్బాలో ఉండాలి, దాని మీద కండల వీరుడి బొమ్మ ఉండాలి. అవసరమైతే గుడ్లు మాన్పించి ఆ పైసలతో కొనండి. వెనక సన్న అక్షరాలు చదవకండి. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో ప్రొటీన్ పొడుల జోలికి పోవద్దన్నది నిజమే. కానీ ఆ సంస్థ ఉన్న తార్నాక మనకు దూరం, డబ్బా అమ్మే జిమ్ దగ్గర.

ఆడపిల్లయితే పని మరింత సులువు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇంతమందికి ఉన్నదానికి రక్తపరీక్ష ఎందుకు, పైసలు దండగ. తోటకూర మీద నిమ్మకాయ పిండితే ఇనుము బాగా ఒంటబడుతుందట. మీరు ఆ నిమ్మకాయను గుమ్మానికి కట్టండి. అన్నం తిన్న వెంటనే చాయ్ పోయండి, మిగిలిన ఇనుమును అదే అడ్డుకుంటుంది. నెలసరి ఆగితే డాక్టర్‌కు చూపకుండా "ట్రైనింగ్ బాగా పట్టింది" అని సంబరపడండి.

బరువు చూసే పోటీ అయితే ముందురోజు నీళ్ళూ బంద్. పారిస్ ఒలింపిక్స్‌లో 100 గ్రాములు ఎక్కువై అనర్హురాలైన రెజ్లర్ వినేశ్ ఫోగట్ వెంట డాక్టర్లున్నారు. మీ పిల్ల వెంట మీరొక్కరే, వద్దనేవాళ్ళు లేరు. మే నెల ఎండలో ఉప్పేసిన మజ్జిగ అడిగితే "దాహాన్ని ఓర్చుకోవడమూ ప్రాక్టీసే" అనండి.

ఇన్ని చేసినా పిల్ల వెనకబడితే కోచ్‌ను మార్చండి, బూట్లు మార్చండి, ఇంటికి వాస్తు చూపించండి. పళ్ళెంలోకి మాత్రం తొంగిచూడకండి.