సెక్షన్ మాస్టారి నైట్ రైడ్

హైదరాబాద్‌లో సైకిలు తొక్కేవాళ్లు రెండు రకాలు. తొక్కక తప్పనివాళ్లు, తొక్కకపోతే తోచనివాళ్లు. మొదటి రకంలో పేపరు కుర్రాళ్లు, డ్యూటీ దిగిన వాచ్‌మన్లు, తెల్లారకముందే మేస్త్రీ దగ్గరికి పరుగెత్తే కూలీలు ఉంటారు. వాళ్ల సైకిలుకి మడ్‌గార్డూ స్టాండూ క్యారేజీ ఉంటాయి, అభిప్రాయాలు ఉండవు. రెండో రకం వాళ్ల సైకిలుకి ఆ మూడూ ఉండవు. ఆ బరువంతా తీసేసిన చోట అభిప్రాయాలు పెట్టుకుంటారు.

ఈ రెండో రకం గుంపు ఎక్కడున్నా అందులో చట్టం తెలిసినవాడు ఒకడుంటాడు. మా గుంపులో ఆయన్ని సెక్షన్ మాస్టారు అంటాం. బళ్లో పాఠాలు చెప్పే మాస్టారు కాదు. ఏదో కంపెనీలో, ఎవరెవరు ఏయే నియమాలు పాటించడం లేదో కనిపెట్టి మెయిళ్లు పెట్టే ఉద్యోగం. ఆ మెయిళ్లు ఎవరూ చదవరు. ఇంట్లో పిల్లలు ఇయర్‌ఫోన్లు తీయరు. ఇక మిగిలింది శనివారం రాత్రి పదింటికి నానక్‌రామ్‌గూడ దగ్గర టీ కొట్టు ముందు దొరికే మేమే.

మాస్టారు రావడం అరకిలోమీటరు ముందే తెలుస్తుంది. హ్యాండిల్ మీద రెండు లైట్లు, హెల్మెట్ మీద ఒకటి, సీటు కింద ఒకటి, వీపు మీద రిఫ్లెక్టర్ జాకెట్, చీలమండలకి మెరిసే పట్టీలు, చక్రాల పుల్లల మధ్య రంగులు మారే దీపాలు. పెళ్లి పందిరి లేచి సైకిలెక్కి వస్తున్నట్టుంటుంది. ఒకసారి ఫుట్‌పాత్ మీద పడుకున్న పెద్దాయన లేచి ఊరేగింపనుకుని దణ్ణం పెట్టాడు. మాస్టారు నొచ్చుకోలేదు. "చూశారా, కనిపించడమే భద్రత!" అన్నారు.

పదింటికి బయల్దేరాల్సిన రైడు పదిన్నరకి చర్చగా మారుతుంది. ఎవడో పాపం మాటవరసకి "సార్, సైకిలుకి హెల్మెట్ కంపల్సరీనా?" అంటాడు. మాస్టారు టీ గ్లాసు కింద పెడతారు. ఆయన టీ కింద పెట్టారంటే 1988 మోటారు వాహనాల చట్టం పైకి వస్తోందన్నమాట. "129వ సెక్షన్ మోటారు సైకిలుకి. నువ్వు మోటారు సైకిలువా?" కుర్రాడు కాదంటాడు. "మరి ఏమిటి నువ్వు?" కుర్రాడికి ఏం చెప్పాలో తోచదు. మాస్టారికి కావలసింది అదే. ఆ చట్టం రెండో సెక్షన్ ఇరవై ఎనిమిదో ఉపవిభాగంలో 'మోటారు వాహనం లేదా వాహనం' అని రెండింటికీ కలిపి ఒకే నిర్వచనం రాశారు: యంత్రబలంతో నడిచేది. అంటే ఆ చట్టం దృష్టిలో సైకిలు మోటారు వాహనం కాదు సరే, అసలు వాహనమే కాదు. లైసెన్సు అక్కర్లేదు, ఇన్సూరెన్సు అక్కర్లేదు, నంబరు ప్లేటు అక్కర్లేదు. తాగి నడిపితే పట్టుకునే 185వ సెక్షన్ కూడా మోటారు వాహనాలకే.

ఇక్కడ గుంపులో ఒకరిద్దరి ముఖాలు వికసిస్తాయి. మాస్టారు వెంటనే ఆర్పేస్తారు. "తొందరపడకండి. భారతీయ న్యాయ సంహిత 281 ఉంది. దారిలో నిర్లక్ష్యంగా ఏ వాహనం నడిపినా, దేని మీద స్వారీ చేసినా ఆర్నెల్ల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మీరు పాతలవాటుగా ఐపీసీ 279 అంటారేమో, 2024 జులై 1 నుంచి 281." మేమెవరమూ 279 అనలేదు. మా జన్మలో అనలేదు. అయినా సరిదిద్దించుకున్నాం.

న్యాయంగా చెప్పాలంటే ఆయన మాటలో పస ఉంది. రోడ్డు మీద హక్కులు పంచేటప్పుడు సైకిలు వాహనం కాదు, శిక్ష వేసేటప్పుడు మాత్రం అవుతుంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 138వ సెక్షన్‌కి ఒక ముక్క చేర్చి, యంత్రం లేని వాహనాలకీ నడిచేవాళ్లకీ నియమాలు చేసుకొమ్మని రాష్ట్రాలకు అధికారం ఇచ్చారు. అంత లావు పుస్తకంలో మాకు దక్కిన చోటు అదీ, ఎవరైనా నియమాలు రాస్తే బావుంటుందని ఒక అనుమతి. ఆ ఉపసెక్షన్ గురించి చెప్పేటప్పుడు మాస్టారి గొంతు కాస్త జీరపోతుంది. పొలం గట్టు తగాదాలో తాత పేరున్న కాగితం చూపించే మనిషి గొంతు అలాగే ఉంటుంది.

ఇక్కడి చట్టం చాలనప్పుడు మాస్టారు బయటి దేశాలకి వెళ్తారు. బ్రిటన్‌వాళ్లు 2022లో హైవే కోడ్ మార్చి, సైకిలుని దాటేటప్పుడు కనీసం మీటరున్నర ఎడం ఇవ్వాలని రాశారు. ఆ సంగతి చదివిన రాత్రి నుంచి మాస్టారికి మీటరున్నర పిచ్చి పట్టింది. ప్లంబరు దగ్గర పీవీసీ పైపు కొని, కొసన ఎర్ర గుడ్డ కట్టి, సీటు వెనక అడ్డంగా బిగించుకున్నారు. మెహిదీపట్నం వైపు వెళ్తుంటే మొదటి ఆర్టీసీ బస్సు ఆ పైపుని తాకనైనా తాకకుండా, దాని కింద నుంచీ పైనుంచీ కూడా పోయినట్టుగా పోయింది. అదెలా సాధ్యమని అడక్కండి, ఆర్టీసీ డ్రైవర్ల పనితనం తెలిసినవాళ్లు అడగరు. రెండో మలుపులో ఒక ఆటోవాడు మాత్రం పైపు పట్టుకుని పక్కనే నడుపుతూ "అన్నా, పైపు ఎంతకిస్తవ్?" అని బేరమాడాడు. మర్నాటికి పైపు బాల్కనీలో బట్టలారేసుకునే కర్ర అయింది. అక్కడ అది చట్టబద్ధంగానే ఉంది.

మాస్టారికి గుంపులో సమ ఉజ్జీ లూమెన్ల అన్న. మాస్టారికి సెక్షన్లెలాగో ఈయనకి లూమెన్లు అలాగ. నాలుగు వందల నుంచి మొదలై ఇప్పుడు రెండు వేల లూమెన్ల లైటు దగ్గర ఆగాడు. అది వేస్తే ఎదురొచ్చే బైకువాడు హైబీమ్ దించడు, బైకే ఆపేస్తాడు. కారువాళ్ల హైబీమ్ మీద గుంపులో అందరికంటే ఎక్కువ తిట్లు తిట్టేదీ ఈయనే. లైటు మిణుకుమిణుకుమనాలా, నిలకడగా వెలగాలా అని ఈ ఇద్దరూ వాదించుకుంటే వినాలి. "జర్మనీలో మిణుకుమనే ముందులైటు కుదరదు" అని ఒకరు. "మనం జర్మనీలో లేం, గండిపేట రోడ్డు మీదున్నాం" అని ఇంకొకరు. సైకిళ్ల రిఫ్లెక్టర్లకు నాణ్యతా ప్రమాణాలుండాలని 2020లో కేంద్రం ఉత్తర్వు తెచ్చింది. మా గుంపులో లక్షన్నర పెట్టి సైకిలు కొన్న ప్రతివాడూ ఇంటికి తెచ్చి మొదట చేసే పని ఆ రిఫ్లెక్టర్లు పీకి డ్రాయరులో పడెయ్యడం. బరువట! పీకినవాడి పొట్ట బరువు గురించి ఏ ఉత్తర్వూ మాట్లాడదు.

ఈ వాదాలు వింటూ ఒక తెనాలి పెద్దాయన నవ్వుకుంటూ ఉంటారు. రిటైరయ్యాక కొడుకు దగ్గరికొచ్చి సైకిలు మళ్లీ పట్టారు. ఆయన చిన్నప్పుడు సైకిలుకి మున్సిపాలిటీ పన్ను కట్టి రేకు బిళ్ళ తగిలించుకునేవారు. చీకటి పడ్డాక లైటు లేకపోయినా, వెనక ఇంకొకణ్ణి ఎక్కించుకుని డబుల్స్ తొక్కినా, మూల మీద పోలీసు ఆపేవాడు. డైనమో ఉన్నవాడు దొర. అది టైరుకి రాసుకుంటే తొక్కడం రెట్టింపు కష్టం, ఆగితే లైటు ఆరిపోయేది. లేనివాడు కాగితం గొట్టంలో కొవ్వొత్తి పెట్టుకునేవాడు. అదీ లేకపోతే పోలీసుని చూడగానే దిగి నడిపించుకుంటూ పోవడమే, నడిచేవాడికి లైటు అక్కర్లేదు కదా. దొరికినవాడికి కోర్టూ లేదు, వాయిదా లేదు. పోలీసే వంగి చక్రాల్లో గాలి తీసేసేవాడు. "అక్కడికక్కడే విచారణ, అక్కడికక్కడే శిక్ష" అంటారు పెద్దాయన. మాస్టారు ఆ కథ విన్న ప్రతిసారీ నిట్టూరుస్తారు. సైకిలువాణ్ణి ఆపడానికి పోలీసు ఎదురుచూసిన కాలం!

వాదాలు అయ్యాక తొక్కడం. అదంతా చెప్పుకోదగ్గదేం కాదు. ఔటర్ రింగురోడ్డు పక్కన సోలార్ పలకల కప్పుతో సైకిలు ట్రాక్ ఉంది. 2023 అక్టోబరు 1న తెరిచారు. అప్పటికి మొత్తం ఇరవై మూడు కిలోమీటర్లు, కప్పు మీద కరెంటు పుడుతుంది, కింద దీపాలుంటాయి. బస్సు రాదు, ఆటో రాదు. మాస్టారికి అక్కడ పావుగంట కంటే మనసు నిలవదు. తప్పు చేసేవాడు ఒక్కడూ కనిపించకపోతే ఆయన చట్టాన్ని ఎవరికి చెప్పుకోవాలి? అందుకని సర్వీసు రోడ్డెక్కిస్తారు. అక్కడ రంగు వెయ్యని స్పీడ్ బ్రేకర్లుంటాయి, మూత లేని మ్యాన్‌హోళ్లుంటాయి, లైటు లేకుండా రాంగ్ రూట్‌లో వచ్చే బైకులుంటాయి. అన్నిటికీ మించి కుక్కలుంటాయి.

కోకాపేట వైపు ఒక మలుపులో కుక్కల దండు ఒకటి మా కోసం కాచుకుని ఉంటుంది. మాస్టారు ముందే హెచ్చరిస్తారు. "2023 నియమాల ప్రకారం కుక్కకి ఆపరేషన్ చేసి, పట్టుకున్న చోటే వదలాలి. కాబట్టి అవి ఇక్కడి స్థానికులు. దారినపోయేవాళ్లం మనమే." ఈ మాట అయ్యేలోపు స్థానికులు లేచారు. రెండు వేల లూమెన్లు పడేసరికి వాటికి ఇంకా కోపం వచ్చింది. మాస్టారు "దిగండి, పరిగెత్తకండి" అని అరుస్తూ అందరికంటే ముందు పరిగెత్తారు.

అప్పుడే అటు నుంచి ఒక వాచ్‌మన్ డ్యూటీ దిగి, లైటు లేని పాత సైకిలు మీద వస్తున్నాడు. వెనక క్యారేజీకి అద్దం ముక్కలా ఒక పాత సీడీ వేలాడుతోంది. "ఏయ్ రాజూ, పో!" అన్నాడంతే. దండంతా తోకలూపుకుంటూ పక్కకి జరిగింది. మాస్టారు ఆయాసపడుతూనే అతనికి రాత్రిపూట దీపం ఆవశ్యకత గురించి చెప్పడం మొదలుపెట్టారు. అతను ఓపిగ్గా విన్నాడు. "లైటు పెడ్తే ఇవి నన్ను గుర్తువట్టయి సారూ. చీకట్ల అయితే వాసనతోని నేనేనని ఎరుకైతది" అన్నాడు. ఈ వాదానికి ఏ సెక్షన్ కిందా సమాధానం లేదు. అయినా మాస్టారు ఊరుకోలేదు. తన లైట్లలోంచి ఒక ఎర్ర బ్లింకర్ విప్పి, ఎలా చార్జ్ చెయ్యాలో ఎలా బిగించాలో చెప్పి చేతిలో పెట్టారు. ఆ ఒక్క పనికి ఆయన మిగతా ప్రసంగాలన్నీ క్షమించవచ్చు.

తర్వాత చూస్తే ఆ బ్లింకర్ అపార్ట్‌మెంటు గేటు దగ్గర గదిలో ఆంజనేయస్వామి పటం ముందు మిణుకుమిణుకుమంటోంది. సైకిలుకి మాత్రం మళ్లీ సీడీనే. మాకు నవ్వాగలేదు. మాస్టారు పటాన్ని పరీక్షగా చూసి, "ముందు తెలుపుండాలి. ఎరుపు వెనకుండాలి" అన్నారు.

నార్సింగి దాటాక ఒక రాత్రి డ్రంకెన్ డ్రైవ్ తనిఖీ జరుగుతోంది. కార్లు ఆపుతున్నారు, బైకులు ఆపుతున్నారు. మా గుంపు వస్తే కానిస్టేబుల్ చేత్తోనే పొమ్మన్నాడు. అందరం పోబోయాం. మాస్టారు ఆగిపోయారు.

"మమ్మల్నెందుకు ఆపరు?"

"మీరు సైకిల్ మీదున్నరు గద సార్."

"మా వాళ్లలో ఒకాయన టెయిల్ లైటు వెలగడం లేదు. వెనక నుంచి వచ్చి ఎవడైనా గుద్దితే?" అని లూమెన్ల అన్నని చూపించారు. రెండు వేలూ ముందే ఖర్చయిపోయి, వెనక దీపం చార్జింగ్ లేక నిజంగానే ఆరిపోయింది. లూమెన్ల అన్న మాస్టారి వైపు చూసిన చూపు కూడా ఆ క్షణంలో న్యాయ సంహిత కిందికి వచ్చేలాగే ఉంది.

కానిస్టేబుల్ మంచివాడు. చలానా మెషీన్ తీశాడు. "నంబర్ చెప్పుండ్రి."

"నంబరు ఉండదు."

"నంబర్ లేకుంటే మిషిన్ తీసుకోదు సార్."

మాస్టారు సైకిలు తలకిందులు చేసి, ప్యాడెళ్ల దగ్గర ఫ్రేమ్ మీద చెక్కిన నంబరు టార్చి వేసి చదివారు. మెషీన్ ఒప్పుకోలేదు. మాస్టారు సున్నాలకి బదులు 'ఓ' కొట్టి చూడమన్నారు. అప్పటికి వెనక నాలుగు కార్లు ఆగి హారన్లు కొడుతున్నాయి. అందులో ఒకడైతే తాగి దొరికిపోయే భయం కూడా వదిలేసి, ముందుకొచ్చి మా తగువు చూస్తున్నాడు.

"మా నాయిన చెప్పేటోడు సార్, ఎన్కట లైటు లేకుంటే గాలి తీస్తుండ్రంట" అన్నాడు కానిస్టేబుల్ విసిగి. "గట్లన్న చెయ్యాల్నా?"

మాస్టారి ముఖం వెలిగింది. హెల్మెట్ మీద లైటు వల్ల కాదు. కానిస్టేబుల్ వంగి చక్రం చుట్టూ తడిమాడు, వాల్వ్ ఎక్కడుందో, ఎలా తియ్యాలో తెలియలేదు. "ఇది మన పాత రకం కాదండీ" అని మాస్టారు మోకాళ్ల మీద కూర్చున్నారు. "సన్నగా ఉంటుంది, ఫ్రెంచివాళ్ల పద్ధతి. ముందు ఈ చిన్న నట్టు వదులు చెయ్యాలి, తర్వాత ఇలా కొసన వేలితో..."

చూపించడానికి దగ్గర్లో ఉన్నది ఆయన సైకిలే. బుస్సుమంది. పూర్తిగా అర్థమయ్యేదాకా నొక్కి చూపించారు.

పంపు ఎవరి దగ్గరుందని చూస్తే ఎవరి దగ్గరా లేదు. అది బరువని అందరం ఇంట్లోనే పెట్టి వచ్చాం. చివరికి కానిస్టేబులే, అటుగా పోతున్న కూరగాయల ట్రాలీ ఆటో ఒకటి ఆపి, టమాటా ట్రేల మీద మాస్టారి సైకిలు ఎక్కించాడు. మాస్టారు మాత్రం ఎక్కకుండా ఆటో వెనక్కి వెళ్లి నిలబడ్డారు.

"ఏమైంది సార్, ఎక్కుండ్రి, మార్కెట్‌కి లేటయితది" అన్నాడు డ్రైవరు.

"నీ కుడివైపు టెయిల్ లైటు వెలగట్లేదు" అన్నారు మాస్టారు. "దీనికి నంబరుంది కదా?"